చేతులెత్తినవాళ్లు నలభై, ఫోనెత్తినవాళ్లు పద్నాలుగు

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది మల్కాజిగిరిలో చిన్న క్రైస్తవ సంఘం. దసరా సెలవుల్లో మూడు రోజుల యువజన సదస్సు ఉంది. జిల్లాల నుంచి పిల్లలు వస్తారు, సిటీలో ఐదు సంఘాలు కలిసి వాళ్ల బస, భోజనం చూసుకుంటామని మాటిచ్చాయి. మా వంతు అరవై మంది. ఆరాధన అయ్యాక అయ్యగారు 'ఎవరింట్లో ఉంచుకుంటారు?' అని అడిగితే నలభై కుటుంబాలు చేతులెత్తాయి. ఇప్పుడు నేను ఫోన్లు చేస్తుంటే పద్నాలుగు ఇళ్లవాళ్లే సరే అంటున్నారు, మిగతావాళ్లు ఫోనెత్తడం లేదు, ఎత్తినా 'చూద్దాం బ్రదర్' అంటున్నారు. ఇంకా ఇరవై రోజులే ఉంది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – యూత్ సెక్రటరీ, మల్కాజిగిరి

జవాబు: తమ్ముడూ, 'చూద్దాం బ్రదర్' అంటే మన భాషలో 'కుదరదు' అనే. వాళ్ల మీద కోపం పెట్టుకోకు. గుళ్లో అందరి ముందు అడిగితే చెయ్యెత్తకుండా ఎవరుంటారు? ఇంటికెళ్లాకే గుర్తొస్తుంది, ఉన్నవి రెండు గదులే అని, అత్తగారికి మోకాళ్ల నొప్పులని, నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుకని. అడిగిన తీరులోనే పొరపాటుంది. ఇప్పుడు ఒక్కొక్కళ్లనీ విడిగా కలువు, 'ఉంచుకుంటారా' అని కాకుండా 'మీ వల్ల ఏమవుతుంది' అని అడుగు. పడక ఇవ్వలేని ఇల్లు ఒక పూట ఇడ్లీ ఇవ్వగలదు, ఆటో ఉన్న అన్న స్టేషన్‌కి రెండు ట్రిప్పులు వేయగలడు.

పద్నాలుగు ఇళ్లకు ఇద్దరు చొప్పున ఇరవై ఎనిమిది మంది. మిగతా ముప్పై రెండు మందినీ చర్చి హాల్లో పడుకోబెడదాం అంటారు మీ పెద్దలు, నాకు తెలుసు. నేల మీద పడుకోవడం తప్పేమీ కాదు, 2023లో లిస్బన్‌లో పోప్ వచ్చిన ప్రపంచ యువజన దినోత్సవానికే చాలామంది బడుల్లో, హాళ్లలో స్లీపింగ్ బ్యాగులేసుకుని పడుకున్నారు. నువ్వు లెక్కపెట్టాల్సింది చాపల్ని కాదు, బాత్రూముల్ని. మీ హాలుకు రెండున్నాయనుకో, మనిషికి పది నిమిషాలు వేసుకున్నా ముప్పై రెండు మంది తయారవ్వడానికి రెండు గంటల నలభై నిమిషాలు పడుతుంది. ఇరవై మందైతే గంటా నలభై.

నా చిన్నప్పుడు ఇలాంటి ఒక సదస్సులో మేం ఎనభై మందిమి, బాత్రూములు రెండు. తెల్లవారుజామున నాలుగింటికే లైను. బాప్తిస్మపు తొట్టి పక్కనున్న కుళాయి దగ్గర మగపిల్లలు బ్రష్షులు నోట్లో పెట్టుకుని వరసగా నిలబడితే, అక్కడి పాస్టరమ్మగారు ఒక చేత్తో బకెట్టు, ఇంకో చేత్తో టార్చిలైటు పట్టుకుని, ఎవర్నీ ఒక్క మాట అనకుండా అటూ ఇటూ తిరిగారు. ఆ మూడు రోజుల ప్రసంగాల్లో ఒక్కటీ గుర్తులేదు నాకు, ఆవిడ మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తారు.

కాబట్టి ఇళ్లలో ఇరవై ఎనిమిది, హాల్లో ఇరవై, మొత్తం నలభై ఎనిమిది. మిగిలిన పన్నెండు మందిని వేరే సంఘం తీసుకోవాలని నిర్వాహకులకు ఇవాళే ఫోన్ చెయ్. పరువు పోతుందని చివరిదాకా ఆగావో, ఆ పన్నెండు మందీ రాత్రి పదకొండింటికి సంచులతో మీ గేటు ముందు నిలబడతారు. భోజనానికొస్తే, ఇంట్లో కిలో బియ్యం ఎనిమిది మందికి సరిపోతుందేమో గానీ కుర్రాళ్లకు ఆ లెక్క పనికిరాదు, ఆరుగురికని వేసుకో. తాగేందుకే మనిషికి నాలుగు లీటర్లంటే నలభై ఎనిమిది మందికి రోజుకు ఇరవై లీటర్ల క్యాన్లు పది కావాలి. స్త్రీల సమాజం వాళ్లను మూడు రోజులూ వంటగదిలో పడేయకండి, ఒక్క పూటైనా యూత్ కుర్రాళ్లు కూరగాయలు తరిగి గిన్నెలు తోమాలి. నువ్వు కూడా.

ఇంకోటి, వచ్చేవాళ్ల టికెట్లు ఒకసారి చూడు. సికింద్రాబాదే అనుకుని చర్లపల్లిలోనో కాచిగూడలోనో దిగేవాళ్లుంటారు. మన బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం తెలంగాణవాళ్లకే, ఆంధ్రా నుంచి వచ్చే అమ్మాయిలు టికెట్ తీసుకోవాలి, ఆ మాట ముందే చెప్పండి.

ప్రశ్న: మేడం, మా పాప ఇంటర్ ఫస్టియర్. ఇలాంటి సదస్సుకే మా ఇంట్లో ఇద్దరు అబ్బాయిల్ని ఉంచుకోమన్నారు. మా ఆయన 'దేవుని పని కదా' అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. కాదంటే విశ్వాసం లేదనుకుంటారేమో. – ఒక తల్లి, ఉప్పల్

జవాబు: కాదనండమ్మా. విశ్వాసానికీ దీనికీ సంబంధం లేదు. 'ఇద్దరు అమ్మాయిలైతే పంపండి' అని చెప్పండి, అంతే. మీరు కంగారుపడుతున్నారని అంటే అననివ్వండి, ఆడపిల్లల తల్లి కంగారుపడకపోతే ఇంకెవరు పడతారు? అసలు నిర్వాహకులే చూసుకోవాల్సిన విషయమిది. ఏ ఇంటికీ ఒక్కరిని పంపకూడదు, పద్దెనిమిదేళ్లు నిండని ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఇంటినుంచి అనుమతి కాగితం తీసుకోవాలి, హాల్లో రాత్రంతా పెద్దవాళ్లుండాలి. కఠినంగా అనిపించినా ఇదీ చెప్పాలి. పిల్లల పట్ల ఎవరైనా తప్పుగా ప్రవర్తించారని తెలిస్తే దాన్ని సంఘ కమిటీలో కూర్చుని సర్దేయడానికి వీల్లేదు, పిల్లల మీద లైంగిక నేరాల కోసం వచ్చిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. 'సంఘం పేరు పోతుంది' అనేవాళ్లను ఆ కమిటీ నుంచే తీసేయాలంటాను నేను.

ప్రశ్న: మా ఏరియాలో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలు మూడూ కలిసి యూత్ మీటింగ్ పెడదామనుకున్నాం. ఇప్పుడు డ్రమ్స్ ఉండాలా వద్దా అని గొడవ. ఇలా కలిసి చేయడం అయ్యే పనేనా? – సికింద్రాబాద్ పాఠకుడు

జవాబు: ఎందుకు కాదు? సీఎస్ఐ పుట్టిందే ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు 1947లో ఒక్కటవడం వల్ల. ఆ మాటలు కుదరడానికి పాతికేళ్లకు పైనే పట్టింది, మీరు ఒక్క డ్రమ్ సెట్ దగ్గరే అలిసిపోతే ఎలా! ఊరుకాని ఊరి నుంచి వచ్చినవాళ్లకు అన్నం పెట్టడం మన నగరానికి కొత్త కూడా కాదు. గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను ప్రార్థనా మందిరంలో సువార్తికుడు భక్తసింగ్ గారి కాలంలో పరిశుద్ధ కూటాలకు వేల మంది వచ్చి, రోజుల తరబడి ఉండి, చాపల మీద కలిసి కూర్చుని భోంచేసేవారు.

ఉదయం కీర్తనలు, సాయంత్రం డ్రమ్స్ అని పంచుకోండి. కానీ బయట పందిట్లో పెడితే మైకుకు పోలీసుల అనుమతి ముందే తీసుకోండి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలున్నాయి, పక్కింటివాళ్లకు పరీక్షలూ పసిపిల్లలూ ఉంటారు. ప్రసంగీకులకు కూడా గడియారం చూపించండి. బైబిల్లో అపొస్తలుడు పౌలు అంతటివాడు అర్ధరాత్రి దాకా మాట్లాడితేనే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే కుర్రాడు నిద్రలోకి జారి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. మీ హాలు ఎన్నో అంతస్తులో ఉందో మీరు రాయలేదు.