కోళ్ల షెడ్డులో పనివాళ్లకు తువ్వాల రక్ష కాదు

ప్రశ్న: మాది హనుమకొండ జిల్లా ధర్మసాగర్ మండలం. 6 వేల బ్రాయిలర్ కోళ్ల షెడ్డు ఉంది. నలుగురు పనివాళ్లు పక్క గదిలోనే ఉంటారు. బర్డ్ ఫ్లూ అనగానే నిరుడు ఇద్దరు ఊరికి పోయారు. మూతికి తువ్వాల కట్టుకుంటే సరిపోతుందా? ఇంకేం చేయాలి?

జవాబు: సరిపోదు. చెమట తుడిచేదీ, చేతులు తుడిచేదీ, మూతికి కట్టేదీ ఆ ఒక్క తువ్వాలే కాబట్టి ఒక్కోసారి అది లేకపోతేనే నయం. లిట్టర్ (షెడ్డులో నేల మీద పరిచే పొట్టు) తిరగేసినప్పుడు లేచే దుమ్ములో ఎండిన రెట్ట ఉంటుంది. దానికి ఎన్95 మాస్కే కావాలి. ముక్కు మీది క్లిప్పు నొక్కి, పక్కల నుంచి గాలి చొరకుండా పెట్టుకోవాలి. గడ్డం గుబురుగా ఉంటే మాస్కు అతకదు.

మన దగ్గర అందరూ మరిచిపోయేది కళ్లు. 2024లో అమెరికాలో పాడి ఆవులకు బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 సోకినప్పుడు, వాటి నుంచి అంటుకున్న పనివాళ్లలో ఎక్కువగా కనిపించింది కళ్లు ఎర్రబడటమే. అందుకే పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు కొనివ్వండి. చేతులకు గ్లౌజులు, కాళ్లకు గమ్ బూట్లు, షెడ్డుకు వేరే బట్టలు ఉండాలి. ఆ బట్టలతో వంట గదిలోకి రానివ్వకండి.

వేసుకోవడం కన్నా విప్పడంలోనే తప్పు జరుగుతుంది. ముందు గ్లౌజులు తిరగేసి తీయాలి, తర్వాత పై బట్టలు. సబ్బుతో చేతులు కడిగాక కళ్లద్దాలు, షెడ్డు బయటికొచ్చాక చివరగా మాస్కు. మళ్లీ చేతులు కడగాలి. మాస్కు ముందే లాగేస్తే, రెట్ట అంటిన చెయ్యి నేరుగా ముక్కు దగ్గరికి పోయినట్టే.

కోళ్లు ఉన్నట్టుండి గుంపుగా చచ్చినా, తలలు వాచి జుట్టు నీలంగా మారినా కోసి చూడకండి. కొక్కెర తెగులులోనూ ఇలాంటివి కనిపిస్తాయి, కంటితో తేల్చలేం. పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు గానీ మీ పశువైద్యాధికారికి గానీ ఫోన్ చేయండి. నిర్ధారణ భోపాల్ ప్రయోగశాలలో జరుగుతుంది. దాచిపెడితే నష్టం మీకే: ప్రభుత్వం చంపించిన కోళ్లకే పరిహారం, అంతకుముందే చచ్చినవాటికి రాదు. "ఇప్పుడే పోయింది కదా" అని చచ్చిన కోడిని పనివాళ్లు కూరకు తీసుకుపోవడం చాలా షెడ్లలో ఉన్నదే. బాగా ఉడికితే వైరస్ చస్తుంది, నిజమే. కానీ ఈకలు పీకేటప్పుడు, కోసేటప్పుడే అంటుకుంటుంది.

జబ్బు కోళ్లను ముట్టినవాళ్లను 10 రోజులు కనిపెట్టుకుని ఉండండి. జ్వరం, దగ్గు, గొంతునొప్పి, కళ్ల ఎరుపు, ఆయాసం, ఏది కనిపించినా ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి. కోళ్ల ఫారంలో పనిచేస్తున్నామని డాక్టరుకు ముందే చెప్పమనండి. ఫ్లూకు ఇచ్చే ఒసెల్టామివిర్ మందు లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. జ్వరంతో ఉన్నవాణ్ణి రైలెక్కనివ్వకండి, ఆ రోజుల కూలి కూడా కోయకండి. కూలి పోతుందంటే జ్వరం వచ్చిన సంగతి మీకు చెప్పనే చెప్పరు.