వార్డెన్‌కు చెబితే వాడి చదువు పోతుందేమో!

ప్రశ్న: యూనివర్సిటీ హాస్టల్లో ఉంటున్నాను. రూమ్మేట్ ఈమధ్య రోజూ తాగుతున్నాడు. పోయిన వారం తాగొచ్చి, పైగా నిద్రమాత్రలు వేసుకున్నాడు. ఎంత పిలిచినా పలకలేదు. వార్డెన్‌కు తెలిస్తే వాణ్ని పంపించేస్తారని, మమ్మల్నీ నిలదీస్తారని భయపడి తెల్లవార్లూ పక్కనే కూర్చున్నాం. పొద్దున లేచి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడేం చేయాలి?

సలహా: అతన్ని ఒంటరిగా వదలకపోవడం మంచిదే. కానీ ఆ రాత్రి చాలా ప్రమాదకరమైనది. మద్యం, నిద్రమాత్రలు రెండూ శ్వాసను మందగింపజేస్తాయి. కడుపులో మిగిలిన మద్యం మనిషి నిద్రపోయాక కూడా రక్తంలో కలుస్తూనే ఉంటుంది. అందుకే ‘పడుకున్నాడు కదా, ఫర్వాలేదు’ అనుకున్నాకే పరిస్థితి విషమించవచ్చు. కాఫీ తాగించినా, తలమీద చన్నీళ్లు పోసినా మత్తు త్వరగా దిగదు.

లేపితే లేవకపోయినా, నిమిషానికి 8 సార్లకన్నా తక్కువ ఊపిరి తీస్తున్నా, మధ్యలో 10 సెకన్లకు పైగా ఊపిరి ఆగినా, పెదవులు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా వెంటనే అంబులెన్స్‌ను పిలవండి. వీటిలో ఒక్కటి చాలు. అది వచ్చేలోపు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా ఉంటే వాంతి గొంతుకు అడ్డుపడుతుంది. ఏం తాగాడో, ఏం మింగాడో డాక్టరు దగ్గర దాచకండి.

ఇక రూల్స్ సంగతి. ప్రాణాపాయంలో సాయం కోసం ఫోన్ చేసినవారిపైన, ఆ బాధితుడిపైన తాగినందుకు చర్య తీసుకోకూడదని, ముఖ్యంగా అమెరికాలో, చాలా యూనివర్సిటీలు మినహాయింపు ఇస్తున్నాయి. మత్తుమందులు అమ్మినవారికి సాధారణంగా ఇది వర్తించదు. అన్నిచోట్లా ఈ వెసులుబాటు లేదు కాబట్టి మీ హ్యాండ్‌బుక్ ఈరోజే తీసి చూడండి. లేకపోయినా ఫోన్ చేయాల్సిందే. క్రమశిక్షణ కమిటీ ముందు తన వాదన చెప్పుకోవడానికైనా అతను బతికుండాలి.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఆ మాత్రల విషయం. నిద్రపట్టక వేసుకున్నాడా, లేక చనిపోదామనా? అతను తాగి లేనప్పుడు, మీరిద్దరే ఉన్నప్పుడు సూటిగా అడగండి. అడిగితే లేనిపోని ఆలోచన కలుగుతుందేమోనని వెనకాడకండి, అలా జరగదు. ‘అవును’ అన్నా, తలదించుకుని ఊరుకున్నా ఒట్టు సంగతి పక్కన పెట్టి అప్పటికప్పుడే అతణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మిగిలిన మాత్రలు అతని చేతికి అందకుండా చూడండి.

అలాంటిదేమీ లేదంటే యూనివర్సిటీ కౌన్సెలర్ దగ్గరికి తోడు వెళ్లండి. ఏ విషయాలు గోప్యంగా ఉంచుతారో, వేటిని పైవాళ్లకు చెప్పాల్సి వస్తుందో మొదటే అడిగి తెలుసుకోవచ్చు. ‘రేపటి నుంచి పూర్తిగా మానెయ్’ అని మాత్రం పట్టుబట్టకండి. రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి.

‘నువ్వు మళ్లీ పలక్కపోతే నేను ఫోన్ చేస్తాను, నీకు కోపమొచ్చినా సరే’ అని ముందే చెప్పి ఉంచండి. రాత్రుళ్లు నిద్ర మానుకుని కాపలా కాయడం మీ ఒక్కరివల్ల అయ్యే పని కాదు. అవసరమైతే రూమ్ మార్చమని అడగండి. అది స్నేహితుణ్ని వదిలేయడం కాదు.