గద్ద ఎగురుతుంటే ఫొటో ఎందుకు మసకబారుతోంది?

ప్రశ్న: ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎగిరే గద్దల్ని 150–600 ఎంఎం జూమ్ లెన్స్‌తో తీస్తున్నాను. షట్టర్ వేగం 1/1000 సెకను. వంద తీస్తే అయిదారు కూడా షార్ప్‌గా రావడం లేదు. లెన్స్ లోపమా?
– ఒక పాఠకుడు, కృష్ణలంక, విజయవాడ

జవాబు: లెన్స్‌ని అనుమానించే ముందు, పాడైన ఫొటోలు నాలుగు తీసి కంప్యూటర్లో వంద శాతం సైజులో చూడండి. మసకల్లో రకాలున్నాయి. కన్ను, ముక్కు బాగానే ఉండి రెక్కల కొసలు చెదిరితే షట్టర్ వేగం చాలలేదని అర్థం. తేలుతూ తిరిగే గద్దకి 1/1600 చాలు. నీళ్లమీదికి దూకి చేపను తన్నుకుపోయేటప్పుడు 1/2500 అయినా ఉండాలి. పక్షి మొత్తం ఒక పక్కకి సాగినట్టుంటే, కెమెరా తిప్పడం పక్షి వేగంతో కలవలేదు. మోచేతులు డొక్కలకి ఆనించి నడుం నుంచి తిరగండి, క్లిక్ అయ్యాక కూడా తిప్పడం ఆపకండి.

పక్షి మసకగా ఉండి వెనక కొండ స్పష్టంగా వస్తే ఫోకస్ జారింది. ఎక్కువమందికి జరిగేది ఇదే. పక్షి కదిలేకొద్దీ ఫోకస్ కూడా మారుతూ ఉండే కంటిన్యూయస్ ఫోకస్ పెట్టుకోండి (కెనాన్‌లో ఏఐ సర్వో లేదా సర్వో, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి). పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దముండే కెమెరా) అయితే అన్ని ఫోకస్ పాయింట్లూ కెమెరాకే వదిలెయ్యకుండా మధ్య పాయింటు, దాని చుట్టూ ఉన్నవీ మాత్రమే వాడండి; లేకపోతే కరెంటు తీగనో కొండనో పట్టుకుంటుంది. లెన్స్ పక్కన దూరం పరిమితి స్విచ్ ఉంటే 10 మీటర్ల నుంచి అనంతం వైపు జరపండి. అప్పుడు ఫోకస్ ఆ చివర నుంచి ఈ చివరికి వెతుక్కుంటూ పోదు. 600 దగ్గర మొదలుపెడితే పక్షే దొరకదు. 300లో పట్టుకుని, ఫోకస్ కుదిరాక జూమ్ చెయ్యండి.

ఇక నీళ్లలోంచి చూసినట్టు బొమ్మంతా అలలు తేలితే అది ఎండ వేడి. ఇసుక మేటల మీదుగా మధ్యాహ్నం తీసినవి ఇలాగే వస్తాయి, ఎంత ఖరీదైన లెన్సైనా ఏమీ చెయ్యలేదు. పొద్దున్నే వెళ్లండి. వేడిగాలి లేవక ముందు గద్దలు కిందుగానే ఎగురుతాయి, అదీ మీకే లాభం.

ప్రశ్న: ఆకాశంలో గద్ద నల్లమచ్చలా పడుతోంది. కొండ ముందు గరుడ పక్షిని తీస్తే తెల్లటి తల వెలుగెక్కువై వివరాల్లేకుండా కాలిపోతోంది. ఏ సెట్టింగ్ మార్చాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండూ కెమెరాలో వెలుగు కొలిచే మీటరు చేసే పొరపాటే. వెనక తెల్లటి ఆకాశం ఉంటే అది వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది. ముదురు కొండ ఉంటే పెంచేస్తుంది. వెనకేముందో క్షణక్షణం మారినా పక్షి మీద పడే ఎండ మారదు. అందుకే ఐఎస్‌ఓతో (వెలుగుకి కెమెరా సున్నితత్వం) సహా అన్నీ మాన్యువల్‌లో బిగించండి. మంచి ఎండలో ఎఫ్/6.3 (లెన్స్ రంధ్రం సైజు), 1/2500, ఐఎస్‌ఓ 400 దగ్గర మొదలుపెట్టండి. ఉదయపు పల్చటి ఎండకి ఐఎస్‌ఓ 800. ఇటుకరంగు ఒళ్లున్న గరుడకి తల తెలుపు నిలవాలంటే స్టాపులో (ఒక స్టాపు పెంచితే వెలుగు రెట్టింపు, తగ్గిస్తే సగం) మూడోవంతు తగ్గించండి. నల్ల గద్ద పొట్ట నీడలో ఉంటే ఒక స్టాపు పెంచండి, ఆకాశం తెల్లబోయినా పోనివ్వండి. రా ఫైలుగా (కెమెరా కుదించని ముడి ఫైలు) తీస్తే తర్వాత కొంత సర్దుకోవచ్చు. నెత్తిమీద ఉన్న పక్షిని మాత్రం వదిలెయ్యడమే మేలు. అది పక్కకి ఒరిగి మలుపు తిరిగినప్పుడే రెక్కల కింద వెలుగు పడుతుంది, అప్పుడు నొక్కండి.

ప్రశ్న: నది దగ్గర ఏ ఒడ్డున నిలబడాలి? కోడి వ్యర్థాలు విసిరితే గద్దలు దిగుతాయంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి విజయవాడ వైపు పున్నమి ఘాట్ నుంచి నదిలోకి చూస్తే ఎదురెండ. అవతలి సీతానగరం ఒడ్డు నయం. బ్యారేజీ మీదైతే ఉదయం పడమటికి, సాయంత్రం తూర్పుకి చూడండి. పక్షి గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. గాలీ ఎండా రెండూ మీ వీపు వైపు ఉన్న చోట అది ముఖం చూపిస్తూ మీ మీదికే వస్తుంది. వ్యర్థాలు విసిరితే దిగే మాట నిజమే. కానీ పది గద్దలు ఒకదానిమీద ఒకటి పడతాయి, రోడ్డు పక్కనైతే బళ్లకి అడ్డం వస్తాయి, ఫొటోలన్నీ ఒకే భంగిమలో ఉంటాయి. మేం చెయ్యొద్దనే అంటాం.