పర్యాయపదం సంగతి తర్వాత, ముందు మీరు రాసిన పుస్తకం ఏదో చెప్పండి

మీ ప్రశ్న ఇది: “ఉద్యోగ దరఖాస్తులో ప్రతి వాక్యంలోనూ రికార్డ్, ఆర్గనైజ్ అనే రెండు మాటలే వస్తున్నాయి. వాటికి బదులుగా వాడదగ్గ ఇంగ్లీషు పర్యాయపదాలు చెప్పగలరా?”

చెప్పగలను. కానీ మీరు అడిగినట్టుగా ఒక జాబితా రాసి చేతిలో పెడితే మేలు కన్నా కీడే ఎక్కువ. ఒక ప్రయోగశాలలో కాగితాల బాధ్యత చూసే ఉద్యోగంలోనే నా జుట్టు నెరిసింది. ఆ ధైర్యంతో అంటున్నాను: ఈ మాటల్లో పర్యాయపదాలు లేనే లేవు. లాగ్, రిజిస్టర్, కేటలాగ్, ఇండెక్స్, ఇన్వెంటరీ, ఆర్కైవ్ అనే ఒక్కో మాట వెనుక ఒక్కో రకం పుస్తకం ఉంటుంది. మీరు ఆ మాట వాడారంటే ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు ఆ పుస్తకం తెమ్మంటారు.

మా దగ్గర కొత్తగా ఒక కుర్రాడు చేరాడు. చురుకైనవాడు, ఇంగ్లీషు ధారాళంగా వచ్చు. తనిఖీకి ముందు ఇవ్వాల్సిన వార్షిక నివేదికను అతని చేత రాయించారు. ఒకే మాట రెండుసార్లు రాస్తే తప్పని చిన్నప్పుడు ఏ మాస్టారో నూరిపోసి ఉంటారు (ఈ నియమం కనిపెట్టినవారు ఎవరో గానీ, ఆఫీసు కాగితాలకు వారు చేసిన చెరుపు ఇంతా అంతా కాదు). రికార్డ్ అన్న మాట కనబడిన చోటల్లా మౌస్ కుడి మీట నొక్కి, తెర మీద తేలిన పదాల్లోంచి నచ్చినది పెట్టుకుంటూ పోయాడు. ఆ నివేదిక నా బల్ల మీదికి రాకుండానే పై అధికారి సంతకంతో వెళ్లిపోయింది.

తనిఖీకి వచ్చిన పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ఒక్కో వాక్యం పైకి చదవసాగారు. ఫ్రిజ్ ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు ఎన్‌రోల్ చేశామని ఉంది. “ఏ కోర్సులో చేర్పించారండీ?” అన్నారు. ఫిర్యాదులన్నీ ఇన్‌స్క్రైబ్ చేశామని ఉంది. “రాతి మీదా, రాగిరేకు మీదా?” నమూనాలను ఎన్‌లిస్ట్ చేశామట. “సైన్యంలోకేనా?” గదిలో అందరం నవ్వాం. పాపం, ఆ కుర్రాడు కూడా నవ్వాడు. ఆ తర్వాతి వాక్యం దగ్గర ఆయన నవ్వు ఆగింది. పాత నివేదికలన్నిటినీ ఇండెక్స్ చేశామని రాసి ఉంది. “ఆ ఇండెక్స్ ఒకసారి తెప్పించండి” అన్నారు.

ఉంటే కదా తెప్పించడానికి! మా దగ్గర ఉన్నది పాత నివేదికల పేర్ల పట్టిక. ఏది ఏ బీరువాలో, ఏ అరలో, ఏ కట్టలో ఉందో అందులో లేదు. లాటిన్‌లో ఇండెక్స్ అంటే చూపుడు వేలు. అది చోటు చూపించాలి. జాబితా తయారు చేశామని రాసి ఉంటే ఆయన జాబితా చూసి ముందుకు సాగేవారు. లేనిదాన్ని ఉందని రాయడంతో అది లోపాల పత్రంలోకి ఎక్కింది. మిగిలిన మధ్యాహ్నమంతా బీరువాల ముందు దుమ్ము దులుపుతూ గడిపాం.

అదే తనిఖీలో ఆయన మెచ్చుకున్న కాగితం కూడా ఒకటి ఉంది. ఫ్రిజ్ పక్కన అట్టకు క్లిప్పుతో బిగించి, దారంతో పెన్ను కట్టి వేలాడదీసిన కాగితం అది. తేదీ, సమయం, డిగ్రీలు, సంతకం, అంతే. ఒక గడిలో 4 వేయాల్సిన చోట 14 అని పడింది. రాసినవారు దాన్ని ఒకే ఒక్క గీతతో కొట్టి, పక్కన 4 వేసి, పొట్టి సంతకమూ తేదీ పెట్టారు. కొట్టేసిన 14 ఇంకా చక్కగా కనబడుతూనే ఉంది. ఆయన ఆ గడి మీద వేలు పెట్టి, “లాగ్ అంటే ఇదీ” అన్నారు.

ఆ మాట పుట్టింది ఓడల్లో. సమాన దూరాల్లో ముళ్లు వేసిన తాడుకు చెక్కముక్క కట్టి నీళ్లలోకి వదిలేవారు. చిన్న ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముళ్లు జారాయో లెక్కపెట్టి ఓడ వేగం రాసుకునేవారు. ఆ చెక్క పేరే లాగ్, రాసుకున్న పుస్తకం లాగ్‌బుక్. ఓడల వేగాన్ని ఇప్పటికీ నాట్లలో (ఇంగ్లీషులో నాట్ అంటే ముడి) చెప్పడం అందుకే. జరిగింది జరిగిన వరుసలో, అప్పటికప్పుడు రాస్తేనే దాన్ని లాగ్ అనాలి. వారాంతంలో కూర్చుని అన్ని గడులూ ఒకే పెన్నుతో నింపేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు రాసేది కాల్పనిక సాహిత్యం.

పర్యాయపదాల పుస్తకాలను తిడుతున్నానని అనుకోకండి. వాటిలో పేరుమోసిన థిసారస్‌ను 1852లో అచ్చు వేయించిన పీటర్ మార్క్ రోజే వృత్తిరీత్యా వైద్యుడు, ఇరవై ఏళ్లకు పైగా లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి కార్యదర్శిగా పనిచేసినవాడు. అంటే కాగితాల మనిషే. ఆయన మాటలను అక్షరక్రమంలో కాక భావాల ప్రకారం సుమారు వెయ్యి శీర్షికల కింద పేర్చాడు. చూడండి, రికార్డ్ అన్న శీర్షికను బుద్ధికి సంబంధించిన విభాగంలో పెట్టాడు. అరేంజ్‌మెంట్, అంటే సర్దడం, ఉన్నది అమూర్త సంబంధాల విభాగంలో, అదీ ఎంతో ముందు. రెండూ ఒకచోట లేవు. రికార్డ్‌కు ఎదురుగా ఆబ్లిటరేషన్ పెట్టాడు, అంటే చెరిపేయడం. తప్పు పడగానే తెల్ల రంగు పూసి పైన రాసేవారికి ఆ జంటను చూపించాలనిపిస్తుంది. నా దృష్టిలో ఆ తెల్ల రంగు సీసాను ప్రయోగశాలల్లో నిషేధించాలి.

రాయడం వేరు, సర్దడం వేరు అని రోజే కన్నా చాలా ముందే లెక్కలవాళ్లకు తెలుసు. 1494లో వెనిస్‌లో అచ్చయిన గణిత గ్రంథంలో ఇటలీ గణితవేత్త లూకా పాచోలీ వ్యాపారికి మూడు పుస్తకాలు ఉండాలన్నాడు. మొదటిదానిలో ఏ లావాదేవీ జరిగితే అది వెంటనే గీకిపెట్టుకోవడం. దాన్ని శుభ్రంగా తేదీల వరుసలో ఎక్కిస్తే జర్నల్, అదే లావాదేవీని ఖాతాల వారీగా విడదీసి చూపిస్తే లెడ్జర్. వాణిజ్యశాస్త్రం తెలుగులో చదివినవారికి ఇవే చిట్టా, ఆవర్జా. సొమ్ము అదే, పుస్తకం మారేసరికి అది చెప్పే సంగతి మారుతుంది. చిట్టా చూస్తే ఆ రోజు ఏం జరిగిందో తెలుస్తుంది, ఆవర్జా చూస్తే ఎవరు ఎంత బాకీయో తెలుస్తుంది.

ఫోన్లు వచ్చాక పాడైపోయిన మాట ఆర్కైవ్. సందేశాన్ని కంటికి కనబడకుండా పక్కకు నెట్టే మీటకు ఆ పేరు పెట్టారు. దాంతో ఆర్కైవ్ అంటే పారేయడానికి మొహమాటపడి దాచడం అనుకునే తరం తయారైంది. రోజువారీ పనికి అక్కర్లేకపోయినా శాశ్వతంగా నిలవాల్సినవాటిని, రేపు వెతికితే దొరికేలా భద్రపరచడం ఆ మాటకు అర్థం. గోదాములో అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఆర్కైవ్ చేశామని దరఖాస్తులో రాసుకున్నవారిని నేను ఇంటర్వ్యూ చేశాను. రెండో ప్రశ్నకే దొరికిపోయారు.

ఇక మీ దరఖాస్తు. ప్రతి పనికీ అసలు మీరు ఏ కాగితం తయారు చేశారో గుర్తు చేసుకోండి. నిర్ణీత గడులున్న అధికారిక పుస్తకంలో ఎక్కించి ఉంటే రిజిస్టర్. ఒక తేదీన ఏ వస్తువు ఎన్ని ఉన్నాయో లెక్క తేల్చి ఉంటే ఇన్వెంటరీ. ఒక్కో వస్తువుకూ వివరం రాసి, వెతుక్కునేవారికి వీలుగా పెట్టి ఉంటే కేటలాగ్. సమావేశంలో తీసుకున్న నిర్ణయాలు రాస్తే మినిట్స్, మాట్లాడింది పొల్లుపోకుండా దించితే ట్రాన్‌స్క్రైబ్. ఈ రెండూ కలిపేసి తలా ఒక పేజీ ఉపన్యాసం మినిట్స్‌లో ఎక్కించేవారి మీద విడిగా ఇంకో జవాబు రాయాలి. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన కాగితాలను పోల్చి ఒక క్రమంలో పెట్టారా? కొలేట్. ఒక సూత్రం ప్రకారం తరగతులుగా విడదీశారా? క్లాసిఫై. అంకెలను అడ్డు, నిలువు వరుసల్లో పెట్టారా? ట్యాబ్యులేట్. ఇవేవీ కాక మామూలుగా రాసిపెట్టి ఉంటే రికార్డ్ అనే రాయండి. ఐదుసార్లు వచ్చినా కొంప మునగదు.

మెయింటెయిన్ అన్న మాట ఉంటే మాత్రం కొట్టేయండి. రిజిస్టర్లనూ మెయింటెయిన్ చేశానంటారు, జనరేటర్‌నూ మెయింటెయిన్ చేశానంటారు. చదివేవారికి మీరు పెన్ను పట్టుకున్నారో స్పానర్ పట్టుకున్నారో తెలియదు.