తంజావూరులో సదస్సు తరువాతి ఒకటిన్నర రోజు: మూడు ఆలయాల వెంట పరుగు వద్దు

శుక్రవారం మధ్యాహ్న భోజనంతో సదస్సు ముగుస్తుందనీ, శనివారం రాత్రి చెన్నై రైలు ఎక్కాలనీ, ఈ మధ్యలో తంజావూరు, గంగైకొండ చోళపురం, దారాసురం మూడూ చూడడం వీలవుతుందా అనీ మీరు అడిగారు. అక్కడ తెలుగువారు ప్రత్యేకంగా చూడదగినది ఏమైనా ఉందా అని కూడా అడిగారు. మొదటి ప్రశ్నకు కాగితం మీద లెక్క వేస్తే వీలవుతుందనే వస్తుంది. నేను ఆ లెక్కను నమ్మి ఒక రోజు పాడుచేసుకున్నాను కనుక వద్దనే చెబుతాను.

ఆహార శుద్ధి రంగానికి చెందిన ఒక సదస్సుకు మా సంస్థ నన్ను పంపినప్పుడు, ముగింపు మరునాడు ‘ఒకే రోజులో మూడు చోళ దేవాలయాలు’ అన్న ఒక ట్రావెల్స్ వారి మాట విని కారు మాట్లాడుకున్నాను. ఫలహారం చేసి తొమ్మిదిన్నరకు బయలుదేరాము. గంగైకొండ చోళపురం దాదాపు 70 కిలోమీటర్లు. అక్కడ గంట కూడా నిలవకుండా దారాసురం చేరేసరికి తలుపులు మూసి ఉన్నాయి. తమిళనాట ఆలయాలు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నర ప్రాంతంలో మూసి, మళ్లీ నాలుగింటికి తెరుస్తారన్న సంగతి డ్రైవరుకు తెలియదని నేను అనుకోను. నాకు చెప్పవలసిన అవసరం అతనికి కనిపించలేదు, అంతే. నాలుగింటి దాకా ఆగే తీరిక లేక ప్రాకారం బయటి నుంచే దండం పెట్టుకుని, తంజావూరు పెద్ద గుడిని కూడా చీకటి పడుతుండగా హడావుడిగా చుట్టి రైలెక్కాను. రెండేళ్ల తరువాత అదే సదస్సుకు మళ్లీ వెళ్లినప్పుడు చేసిన ప్రయాణమే మీకు చెబుతున్నది.

శుక్రవారం భోజనం కాగానే లాప్‌టాప్ సంచినీ బూట్లనూ గదిలో వదిలి, చెప్పులతో నేరుగా రాజప్రాసాదానికి వెళ్లండి. గుడి మూసి ఉండే ఆ ఎండవేళను గడపడానికి అంతకంటే మంచి చోటు లేదు. మీ రెండవ ప్రశ్నకు సమాధానమూ అక్కడే మొదలవుతుంది. చోళుల తరువాత ఈ నగరాన్ని 16వ శతాబ్దం నుంచి 1673 వరకు ఏలిన నాయక రాజుల కొలువు భాష తెలుగు. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి, వీణలో దిట్ట. చేమకూర వేంకటకవి ఆయన ఆస్థానంలోని వాడే. ఆయన కుమారుడు విజయరాఘవ నాయకుని కొలువులో రంగాజమ్మ తెలుగు కావ్యాలు చెప్పింది. వారి తరువాత వచ్చిన మరాఠా రాజుల ఇంటి భాష మరాఠీ అయినా, వారిలో శాహజీ తెలుగులో యక్షగానాలు రాశాడు. ఒక తమిళ నగరంలో మరాఠా రాజు తెలుగులో రాయడం ఆనాడు ఎవరికీ వింతగా తోచినట్టు లేదు.

ప్రాసాదంలోని సరస్వతీ మహల్ గ్రంథాలయం నాయకుల కాలంలో మొదలై, 1798 నుంచి 1832 వరకు రాజ్యం చేసిన రెండవ శరభోజి చేతుల మీదుగా ఇంతటిది అయింది. తాళపత్రాలను చేతికి తీసుకుని చదవాలంటే అనుమతి కావాలి. అది మీకున్న సమయంలో తేలే పని కాదు. సందర్శకుల కోసం తెరిచిన మ్యూజియం గది చిన్నదే అయినా, తొందర లేకుండా చూస్తే గంట పడుతుంది.

పక్కనే ఉన్న కళా ప్రదర్శనశాలలో వరుసగా నిలబెట్టిన కంచు విగ్రహాలన్నింటినీ చూసి అలసిపోవద్దు. తిరువెంకాడులో దొరికిన వృషభవాహన మూర్తి ఎక్కడని అడిగి దాని ముందుకు వెళ్లండి. 1011 నాటి శివుడు ఒక కాలు మరొక కాలికి అడ్డంగా వేసి, పాగాలా చుట్టుకున్న జటలతో, కుడి మోచేతిని నంది మీద ఆనించి నిలుచున్నాడు. కానీ నంది లేదు, ఏనాడో పోయింది. మోచెయ్యి గాలిలో ఆగి ఉంది. అయినా ఆ ఒంటి వాలు, వేళ్ల సడలింపు చూస్తే అక్కడ ఎద్దు మూపు ఎంత ఎత్తున ఉండేదో మనకే తెలిసిపోతుంది. నేను అక్కడ ఇరవై నిమిషాలు నిలబడ్డాను. మూడు గుళ్లు తిరిగిన రోజున ఏ ఒక్కచోటా అంతసేపు నిలబడినట్టు గుర్తు లేదు.

ఐదు దాటాక పెద్ద గుడికి, అంటే రాజరాజ చోళుడు కట్టించిన బృహదీశ్వరాలయానికి వెళ్లి చీకటి పడేదాకా ఉండండి. మరునాడు ఉదయం ఆరింటికి మళ్లీ వెళ్లండి. ఒకే గుడికి రెండుసార్లా అనిపించవచ్చు కానీ, నా మాటగా ఇది తప్పక చేయండి. సాయంత్రం ఊరి జనం పిల్లలతో సహా వచ్చి ఆవరణలో చతికిలబడి కబుర్లు చెప్పుకుంటారు. అప్పుడు అది జనం తిరుగుతున్న గుడి. ఉదయం రాతి నేల చల్లగా ఉంటుంది, తూర్పు ముఖంగా ఉన్న ఆలయం మీద లేత ఎండ పడుతుంది, తీరిగ్గా గోడలు చూడవచ్చు. విమానం, అంటే గర్భగుడి మీది గోపురం, నీడ నేల మీద పడదని గైడ్లు చెబుతారు. ఉదయం పూట వెనక వైపుకు వెళితే మీరు ఆ నీడలోనే నిలబడి ఉంటారు. పెద్ద నంది కూడా రాజరాజు నాటిది కాదు, నాయకుల కాలం నాటిది. వాయవ్య మూలన ఉన్న సుబ్రహ్మణ్య ఆలయమూ వారి కాలానిదే. దాని స్తంభాల సన్నని పనితనం దగ్గరగా వెళితే తప్ప కనిపించదు.

1010లో పూర్తయిన ఈ ఆలయపు అధిష్ఠానం (గోడల కింది రాతి పీఠం) చుట్టూ ఉన్న శాసనాలను తమిళం రాకపోయినా ఒకసారి వేలితో అనుసరించి చూడండి. తాను ఇచ్చినవి, తన అక్క ఇచ్చినవి, తన భార్యలు ఇచ్చినవి, ఇతరులు ఇచ్చినవి రాతి మీద చెక్కండని రాజరాజు ఆజ్ఞాపించాడు. అందులో అక్కకు వాడిన మాట ‘నమ్ అక్కన్’. ఆ అక్క కుందవై. రాజరాజు కూతురి పేరూ కుందవైయే, ఆమెను వేంగి చాళుక్యుడు విమలాదిత్యునికి ఇచ్చారు. వారి కొడుకే నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుడు. మన ఆదికవి కథ ఈ గోడల దాకా వస్తుందని నాకు అక్కడే తట్టింది.

శనివారం గుడి నుంచి వచ్చి ఫలహారం చేసి తిరువయ్యారు వెళ్లండి. సుమారు 13 కిలోమీటర్లు. బస్సులు తరచుగా ఉంటాయి కనుక కారు అక్కరలేదు. తిరువయ్యారు అంటే ఐదు నదుల పుణ్యస్థలం, ఆ పేరుకు తగినట్టు దారిలో వడవారు, వెన్నారు, వెట్టారు, కుడమురుట్టి దాటి కావేరికి చేరుతారు. మీరు వెళ్లేది ఎండాకాలమైతే ఆ వంతెనల కింద ఇసుకే కనిపించవచ్చు, ఎందుకంటే మెట్టూరు జలాశయం నీటిని ఆనవాయితీగా జూన్ 12న వదిలి జనవరి 28న ఆపుతారు. 1847 జనవరి 6న సిద్ధి పొందిన త్యాగరాజస్వామి సమాధి కావేరి ఒడ్డున ఉంది. దానిపై మందిరం కట్టించినది గాయని బెంగళూరు నాగరత్నమ్మ. తన నగలు, ఆస్తి అమ్మి కట్టించింది. ఆరాధనలో స్త్రీలను పాడనివ్వని రోజుల్లో పట్టుబట్టి పాడిన మనిషి ఆమె. మరాఠా రాజు ప్రతాపసింహుని కొలువులోని కవయిత్రి ముద్దుపళని కావ్యాన్ని 1910లో యథాతథంగా అచ్చువేయించి నిషేధం ఎదుర్కొన్నదీ ఆమే. స్వామి సన్నిధికి ఎదురుగా ఆమె సమాధి ఉంది. చాలామంది దానికి వీపు చేసి నిలబడి దండం పెట్టుకుని వెళ్లిపోతారు, మీరు ఒకసారి వెనక్కి తిరగండి. తిరుగు బస్సు ఎక్కేముందు ఆ ఊరిదైన అశోకా హల్వా తినండి. పెసరపప్పుతో చేస్తారు, నెయ్యి వేళ్ల వెంట కారుతుంది కాబట్టి రైల్లోకి కాకుండా అక్కడికక్కడే తినడం మంచిది.

ఒంటిగంటకు గదికి చేరి విశ్రాంతి తీసుకున్నాక ఇంకా ఓపిక ఉంటే దారాసురం ఒక్కటి చూడవచ్చు. సుమారు 36 కిలోమీటర్లు గనుక మూడింటికి కారులో బయలుదేరితే తలుపులు తెరిచే వేళకు అక్కడ ఉంటారు. 12వ శతాబ్దంలో రెండవ రాజరాజు కట్టించిన ఆ గుడి చిన్నది. రథంలా చెక్కిన మండపాన్ని, దాని చక్రాలను, లాగుతున్న గుర్రాలను చూడడానికి రెండు గంటలు చాలు. ఆరున్నరకు తిరుగు బయలుదేరితే రాత్రి రైలు అందుతుంది. గంగైకొండ చోళపురాన్ని మాత్రం ఈసారికి వదిలేయండి.