మాది తిరుపతి. నాకూ, నా ఫ్రెండ్‌కూ ఇండియా ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది. ఇద్దరం కలిసి అమెరికాలో చిన్న విమానంలో తిరగొచ్చా?

తిరగొచ్చు. మీ ఇద్దరికీ ప్రైవేట్ లైసెన్స్ ఉందన్నారు కదా, దాని ఆధారంగా ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) అక్కడి పైలట్ సర్టిఫికెట్ ఇస్తుంది. లైసెన్స్ నిజమేనని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిర్ధారించాలి కాబట్టి రెండు మూడు నెలల ముందే అప్లై చేయండి. అక్కడ ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ (మీరు ఎలా నడుపుతారో చూసే పరీక్ష లాంటిది) కూడా తప్పదు.

అసలు టెన్షన్ కాగితాలతో కాదు, ఎత్తుతో. మన తిరుమల కొండే సుమారు 2,800 అడుగులు. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయ దగ్గర రన్‌వేనే 6,600 అడుగుల ఎత్తున ఉంటుంది! ఎండెక్కితే గాలి పల్చబడి సెస్నా 172 లాంటి నాలుగు సీట్ల చిన్న విమానం లేవడానికి ఆయాసపడుతుంది. సెస్నా 172 కొత్త మోడల్‌లో ట్యాంకులు నింపితే పెట్రోలు బరువే 140 కిలోల పైమాట. బ్యాగులు (లడ్డూలతో సహా) తూకం వేసుకుని, తెల్లవారగానే బయల్దేరండి. ఒకరు నడుపుతుంటే రెండోవారు రేడియో, మ్యాప్ చూసుకోవాలి. కెప్టెన్ ఎవరో మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయకముందే తేల్చుకోండి.