ముందు నాన్న, తర్వాతే తాతయ్య

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. తాతయ్య సంవత్సరీకానికి చుట్టాలకు పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నామనీ, అందులో నీ వ్యాసమే మొదట పెడుతున్నారనీ రాశావు. వ్యాసం రెండుసార్లు చదివాను. అక్షరదోషాలు పెన్సిలుతో దిద్దాను, అవి పెద్ద సంగతి కాదు. పెద్ద సంగతి వేరే ఉంది. ఉత్తరం పొడుగైతే విసుక్కోకు.

మొదటి పేజీలోనే తాతయ్యకు పదకొండు విశేషణాలు తొడిగావు. అజాతశత్రువు, నిగర్వి, స్నేహశీలి, నిష్కల్మష హృదయుడు... పెద్దకర్మనాడు పందిరి ముందు కట్టే ఫ్లెక్సీ మీద కూడా ఇవే ఉంటాయి. ఫొటో మార్చుకుంటే ఎవరికైనా సరిపోతాయి. పోయినవాళ్లందరూ అజాతశత్రువులే అయితే, కోర్టుల్లో మూలుగుతున్న ఆ గట్టు తగాదాలు ఎవరివో మరి!

మూడో పేజీలో మాత్రం ఒకచోట ఆగిపోయాను. ‘వాన పడితే మగ్గం గుంటలోకి నీళ్లు ఊరేవి, తాతయ్య చెంబుతో తోడేవాడు’ అని రాశావు. ఆ వెంటనే ‘ఎన్ని కష్టాలు వచ్చినా ఆయన చిరునవ్వు చెరగలేదు’ అంటూ దాటిపోయావు. బంగారం లాంటి వాక్యం రాసి, దాని మీద సున్నం కొట్టావు. గుంట మగ్గం అంటే ఏమిటో హైదరాబాదులో పుట్టిన మీ పిన్ని పిల్లలకు తెలియదు. నేతగాడు నేలకు కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి పలకలు తొక్కుతాడని చెప్పు. చేత్తో తాడు లాగితే నాడె, అంటే అడ్డదారం మోసే చిన్న పడవలాంటి పనిముట్టు, పడుగు అనే నిలువు దారాల మధ్య నుంచి ఈ అంచుకూ ఆ అంచుకూ పరుగెడుతుందని చెప్పు. గుంటలో నీళ్లు చేరితే కాళ్లు పెట్టడానికి ఉండదు. ముసురు పడితే పడుగుకు పెట్టిన గంజి ఆరదు. నేత ఆగితే కూలి ఆగుతుంది. ఇదంతా తెలిశాక, ఆయన నవ్వాడా లేదా అని ఎవరూ అడగరు. ఎన్ని చెంబులు తోడేవాడని అడుగుతారు. తోడిన నీళ్లు ఎక్కడ పోసేవాడు? ఆ పూట నాయనమ్మ రాట్నం మీద నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతూనే ఉండేదా, ఎందుకులెమ్మని లేచిపోయేదా? ఇవి కనుక్కో.

ఇంకొకటి. తాతయ్య 1950 జనవరి 1న పుట్టాడని రాశావు. ఆధార్ కార్డు చూసి రాశావని ఇక్కడ కూర్చునే చెప్పగలను. పుట్టిన తేదీ తెలియని ఆ తరం వాళ్లలో చాలామంది కార్డుల్లో జనవరి 1నే పుట్టారు. ‘నాయనమ్మ మాత్రం ఏదో తారణ అంటుంది’ అని చివర్లో నవ్వులాటగా చేర్చావు. నవ్వకు. తారణ నామ సంవత్సరం అంటే 1944-45. అరవై ఏళ్లకు ఒకసారి గానీ రాదు. తర్వాతి తారణ వచ్చింది 2004లో, అప్పటికి మీ తాతయ్యకు మనవరాలు కూడా ఉంది. కాబట్టి పొరబడే వీలే లేదు. కార్డు కన్నా నాయనమ్మే మంచి రికార్డు. బందరు చుట్టుపక్కల పెద్దవాళ్లకు ఇంకొక కొలత కూడా ఉంటుంది: ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత. అంటే 1977 నవంబరు 19. దివిసీమను సముద్రం ముంచేసిన రోజు. అప్పటికి మీ నాన్నకు అప్పుడప్పుడే నడక వస్తోందన్నావు. కార్డును నమ్మితే ఆ రాత్రి మీ తాతయ్య ఇరవై ఏడేళ్ల కుర్రవాడు. నాయనమ్మను నమ్మితే ముప్పై రెండో ముప్పై మూడో ఏళ్ల ఇంటిపెద్ద. నువ్వు రాసే మనిషే మారిపోతున్నాడు, చూశావా?

సరే, అసలు సంగతికి వస్తాను. నీ వ్యాసంలో మీ నాన్న ఒక్కసారే కనిపిస్తాడు, ఆసుపత్రికి ఆటో తెచ్చినప్పుడు. పైగా ‘పుస్తకం గురించి నాన్న ఏమీ మాట్లాడటం లేదు’ అని ఉత్తరంలో రాశావు. నీకు జేబులోంచి జీళ్లు తీసిచ్చిన మనిషి, మీ నాన్నకు మరొకరు. నువ్వు ఎరిగింది మగ్గం దిగిన ముసలాయనను. మీ నాన్న ఎరిగింది నూలిచ్చి నేయించే షావుకారు దగ్గర తెచ్చిన అడ్వాన్సు తీరక, కండె ఆలస్యమైతే కొడుకు మీద అరిచిన నడివయసు నాన్నను కావచ్చు. రేషన్ కార్డుల మీద ఇచ్చే జనతా చీరలు నేసిన రోజుల్లో ఆ ఇల్లు ఎలా నడిచిందో నీకు తెలియదు, ఆయనకు తెలుసు. తాతయ్య అనేవాడు ముందు నాన్న. నీ వ్యాసంలో ఆ నాన్న లేడు.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. మా నాన్న ఏకోపాధ్యాయ పాఠశాలలో మాస్టారు. ఆయన పోయిన ఏడాది ఒక వ్యాసం రాశాను. ఊళ్లో ఎంతమందికి అక్షరాలు దిద్దించాడో, ఎవరెవరికి ఫీజు తనే కట్టాడో అన్నీ రాశాను. అచ్చయిందని మురిసిపోతూ మా అక్కకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివింది. మడిచి చేతికిస్తూ ‘బాగుంది. ఏడో తరగతితో నన్ను మాన్పించిన ఆయన ఇందులో లేడేం?’ అంది. కోపంగా కూడా అనలేదు. పప్పులో ఉప్పు తగ్గిందన్నట్టు అంది.

చాలా రోజులు ఆ వ్యాసం ముట్టుకోలేదు. తర్వాత మళ్లీ రాశాను, ఈసారి అక్క చదువు మాన్పించిన సంగతితో. ‘పుస్తకాలు పాతసామాన్ల వాడికి వేశాడు’ అని రాశాను, అలాగే జరిగి ఉంటుందనుకుని. అక్క అక్కడ వేలు పెట్టి ‘కాదు, పాత ధోవతిలో మూటగట్టి అటక మీద పెట్టాడు. అమ్మనివ్వలేదు. ఎందుకో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు’ అంది. ఆ మాటలు అలాగే దించాను. అది మంచితనమో, తప్పు తెలిసిన మనిషి దాచుకున్న సిగ్గో నేను తేల్చలేదు. నేను రాసినవాటిలో నాకు నచ్చే పేజీ అదే.

మీ నాన్నను ఫోనులో రికార్డింగు పెట్టి ‘చెప్పు నాన్నా’ అని అడగకు, బిగుసుకుపోతాడు. చేనేత సొసైటీ పాసుపుస్తకం, షావుకారు లెక్క చిట్టీలు ఇనప్పెట్టెలో ఉంటాయి, నాయనమ్మను అడిగి తీయించు. పాత నాడె ఉంటే ఆయన చేతిలో పెట్టు. చేతికి తగిలితే మాట తనంతట తానే వస్తుంది. ఆయన చెప్పినదీ నువ్వు చూసినదీ పొసగకపోతే రెండూ పక్కపక్కనే రాయి. పెద్దనాన్నలు నొచ్చుకుంటారేమో అంటావా? నొచ్చుకోవచ్చు. అందుకని దెబ్బల లెక్కలన్నీ రాయమనడం లేదు. ఒక్కటి చాలు, అది నిజమై ఉండాలి.

నీ వ్యాసం చివర్లో అలవోకగా ఒక మాట అన్నావు, గుంట పూడ్చి పైన టైల్స్ పరిచారనీ, ఇప్పుడు అక్కడ టీవీ బల్ల ఉందనీ. ఆ గుంట పూడ్చింది ఎవరు? మీ నాన్నేనా? మట్టి ఎక్కడి నుంచి తెచ్చారు? అప్పుడు తాతయ్య ఇంట్లోనే ఉన్నాడా, బయటికి వెళ్లిపోయాడా? తిరిగి రాసి పంపేటప్పుడు ఆ సంగతితో మొదలుపెట్టు.

ఉంటాను.